సివిలైజేషన్ 6: యుద్ధమే చేయకపోయినా అందరూ ఎందుకు పగబడతారు?

సివిలైజేషన్ 6 అనే కంప్యూటర్ వ్యూహ ఆట మీద వచ్చిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ. గాదరింగ్ స్టార్మ్ అనే అదనపు భాగంతో, స్టాండర్డ్ స్పీడ్‌లో, కింగ్ అనే కష్టస్థాయిలో ఆట. నాలుగు నగరాలు. ఎవరి మీదకీ దండెత్తలేదు, ఎవరి ఊరూ లాక్కోలేదు. అయినా మధ్యయుగం వచ్చేసరికి ఆరుగురు నాయకుల్లో నలుగురు డినౌన్స్ చేశారు, అంటే బహిరంగంగా నిందించారు. 110వ టర్న్‌లో పొరుగునున్న రోమ్ నాయకుడు ట్రేజన్ యుద్ధం ప్రకటించాడు. చేసిన తప్పేమిటి?

ఏదో చేసినందుకు కాదు, ఏమీ చేయనందుకే ఇదంతా. ఊరుకున్నంత ఉత్తమం లేదన్న సామెత ఈ ఆటలో చెల్లదు. కంప్యూటర్ నడిపే ప్రతి నాయకుడూ మీ పేరున ఒక పద్దు రాసుకుంటూ ఉంటాడు. ఆ పద్దులో కూడికలు మీరు వేయాలి. తీసివేతలు మాత్రం మీ ప్రమేయం లేకుండానే పడుతుంటాయి. ట్రేజన్ సంగతే చూడండి. అతని అజెండా (ప్రతి నాయకుడికీ ఉండే ఇష్టాయిష్టాలు) ప్రకారం విశాలమైన భూభాగం ఉన్నవాళ్లంటే గౌరవం, కొంచెం నేలతో సరిపెట్టుకునేవాళ్లంటే చులకన. నాలుగు నగరాలతో బుద్ధిగా కూర్చున్న మీరు అతని కంటికి తప్పు చేస్తున్నవారే.

ఆ పద్దు దాచిపెట్టిందేమీ కాదు. నాయకుడి బొమ్మ మీద నొక్కి సంబంధాల ట్యాబ్ తెరిస్తే ఏ కారణానికి ఎంత ప్లస్, ఎంత మైనస్ అన్నది వరుసగా కనిపిస్తుంది. చాలామంది ముఖం రంగు చూసి మూసేస్తారు. పది టర్న్‌లకోసారి ఒక్కొక్కరి జాబితా చదవడం అలవాటు చేసుకోండి. అందులో 'తొలి పరిచయం' అనే పద్దు కనిపిస్తే కంగారు పడొద్దు, అది లాటరీ లాంటిది, కాలం గడిచేకొద్దీ దానంతటదే కరిగిపోతుంది. మిగతావన్నీ మీ చేతిలో ఉన్నవే.

కలిసిన టర్న్‌లోనే డెలిగేషన్

సగం ఆటలు ఇక్కడే చేజారతాయి. ఒక నాయకుడు పరిచయమైన టర్న్‌లోనే 25 గోల్డ్ పెట్టి డెలిగేషన్ (దూతల బృందం) పంపితే దాదాపు ఎవరూ కాదనరు. అప్పటికింకా అతని అజెండా మీ మీద లెక్క వేయలేదు. ఒకటి రెండు టర్న్‌లు గడిస్తే మీ సైన్యం చిన్నదనో, వండర్లు (ప్రపంచ వింతల్లాంటి కట్టడాలు) ఎక్కువనో మైనస్‌లు మొదలవుతాయి, అప్పుడు అదే 25 గోల్డ్ ఇస్తానన్నా తలుపు తీయడు. అందుకే స్కౌట్ తిరుగుతున్నంత కాలం ఖజానాలో 25 ఎప్పుడూ ఉంచండి. ఇద్దరు ఒకే టర్న్‌లో ఎదురయ్యే సందర్భాలూ ఉంటాయి కాబట్టి 50 ఉంటే ఇంకా మేలు. ఆ గోల్డ్‌తో ఓ టైల్ (నేల ముక్క) కొందామన్న కోరిక కాసేపు అణచుకోవాల్సిందే.

వాళ్లు పంపే డెలిగేషన్‌నీ ఒప్పుకోండి. దానివల్ల మీ గురించి వాళ్లకు కొంత సమాచారం పోతుంది, నిజమే. కానీ తిరస్కరించి తెచ్చుకునే ముభావం కన్నా అది చవక. రైటింగ్ పరిశోధన పూర్తయ్యాక 50 గోల్డ్‌తో ఎంబసీ పెట్టవచ్చు. ఇష్టమున్నవాడి దగ్గర ఎంబసీ వెంటనే పెట్టేయండి, ఎప్పటికైనా పెట్టాల్సిందే. యుద్ధం వస్తే ఇవన్నీ రద్దవుతాయి, సంధి తర్వాత మళ్లీ డబ్బు పెట్టి మొదలుపెట్టాలి.

డెలిగేషన్, ఎంబసీ విలువ ప్లస్‌లతో అయిపోదు. ఎదుటివాడి గురించి మీకెంత తెలుసో కొలిచే సమాచార స్థాయి ఒకటుంది. డెలిగేషన్ లేదా ఎంబసీ, అతని నగరానికి మీ వాణిజ్య మార్గం, ప్రింటింగ్ టెక్నాలజీ, గూఢచారి పెట్టే లిజనింగ్ పోస్ట్, ఇవి ఒక్కొక్కటి ఒక్కో మెట్టు ఎక్కిస్తాయి. మెట్టు పెరిగేకొద్దీ కబుర్లు ఎక్కువ వస్తాయి, దాచిన అజెండా బయటపడుతుంది. ఇంకో సంగతి చాలామందికి తెలియదు: యుద్ధంలో ఎదుటివాడి కన్నా మీరు ఎన్ని మెట్లు పైన ఉంటే, మెట్టుకు 3 చొప్పున మీ సైన్యానికి పోరాట బలం కలుస్తుంది. అతనే పైనుంటే ఆ లాభం అతనిది.

స్నేహ ప్రకటన, 30 టర్న్‌ల గడువు

ముఖం ఆకుపచ్చకు తిరిగిన క్షణంలో స్నేహ ప్రకటన అడగండి. అడిగి కాదనిపించుకుంటే నష్టం లేదు, నాలుగైదు టర్న్‌లాగి మళ్లీ అడగవచ్చు, మొహమాటం అక్కర్లేదు. ఒప్పందం కుదిరితే 30 టర్న్‌లపాటు అతను మీ మీద యుద్ధం ప్రకటించలేడు. 'ప్రకటించడు' కాదు, ఆట నియమమే ఒప్పుకోదు. కంప్యూటర్‌కు మీకన్నా పోరాట బలం ఎక్కువిచ్చే పై స్థాయిల్లో, అన్నిటికన్నా కష్టమైన డీటీలో అయితే 4 అదనం, అతి దగ్గరి పొరుగువాడితో తొలి స్నేహం ఏ గోడకన్నా గట్టి రక్షణ. గిల్గమేశ్ పక్కనుంటే మీ అదృష్టం. స్నేహానికి, కూటమికి ముందుకొచ్చేవాళ్లంటే అతనికి ప్రాణం. అలాగని అతని స్నేహితుణ్ని డినౌన్స్ చేశారో, ఆ ప్రేమంతా తిరగబడుతుంది.

ఇది మిమ్మల్నీ కట్టేస్తుంది. ఇరవై టర్న్‌ల తర్వాత ఎవరి నేల లాక్కోవాలనుకుంటున్నారో వాడితో స్నేహం రాసుకోకండి.

ఇక అసలు మోసపోయేది గడువు ముగిసినప్పుడు. స్నేహ ప్రకటన ఉన్నంతకాలం దాని పేరున పెద్ద ప్లస్ ఒకటి నడుస్తుంటుంది. 30వ టర్న్‌తో ఒప్పందం పోగానే ఆ ప్లస్ కూడా పోతుంది. దాని కింద కప్పబడి ఉన్న పాత మైనస్‌లన్నీ ఒక్కసారి బయటపడతాయి. నిన్నటిదాకా మిత్రుడు, ఇవాళ డినౌన్స్ అని ఆశ్చర్యపోతారు కానీ పద్దు ప్రకారం అది ఎప్పుడో రాసి ఉన్నదే. దీనికి విరుగుడు రెండు రకాలు. సంతకం చేసిన టర్న్ సంఖ్య ఎక్కడైనా రాసుకుని, గడువు తీరిన నోటిఫికేషన్ వచ్చిన అదే టర్న్‌లో మళ్లీ అడగండి, తర్వాతి టర్న్‌కి వాయిదా వేయొద్దు. ఈలోపు స్నేహంతో సంబంధం లేకుండా నిలబడే ప్లస్‌లు పోగు చేసి పెట్టండి: ఎంబసీ, ఒక వాణిజ్య మార్గం, ఎర్లీ ఎంపైర్ సివిక్ (టెక్నాలజీలాగే, సంస్కృతితో సాధించేది) తర్వాత మీ వైపు నుంచి ఓపెన్ బోర్డర్స్. సరిహద్దులు తెరవడాన్ని ఉచితంగా ఇచ్చినా నష్టం లేదు. అతని సెటిలర్ మీ మధ్యలోంచి నడిచి వెళ్లే ప్రమాదం ఉంటే మాత్రం ఆలోచించండి.

అందరివాడు కావాలనుకోవద్దు

ఆరుగురినీ మెప్పించాలన్న ప్రయత్నమే ఎక్కువ ఆటల్ని చెడగొడుతుంది. ఇద్దరు బద్ధశత్రువులతో మీరు స్నేహం చేస్తే ఇద్దరి పద్దుల్లోనూ 'నా శత్రువుకు మిత్రుడు' అని మైనస్ పడుతుంది. ప్రతి నాయకుడి తెరలో అతను ఎవరిని డినౌన్స్ చేశాడో, ఎవరితో కూటమి కట్టాడో కనిపిస్తుంది. అది చూసి పక్షం ఎంచుకోండి.

ఎంపికకు కొలమానం దూరమే. పదిహేను టర్న్‌లు నడిస్తే గానీ మీ గడప చేరలేనివాడు ఎంత పగబట్టినా మాటలకే పరిమితం. సరిహద్దు పంచుకునేవాడి చిన్న అసంతృప్తి ఖరీదైనది. కాబట్టి ఇద్దరు ముగ్గురు పొరుగువాళ్లను దగ్గర తీసుకుని, వాళ్లందరూ డినౌన్స్ చేసిన దూరపు నాయకుణ్ని మీరూ డినౌన్స్ చేయండి. ఉమ్మడి శత్రువు ఉన్నందుకు ప్రతి మిత్రుడి దగ్గరా ప్లస్ వస్తుంది. అలా ఒకరిని వదులుకుని ముగ్గురిని సంపాదించవచ్చు. డినౌన్స్ కూడా 30 టర్న్‌లే ఉంటుంది, తర్వాత చల్లారుతుంది.

అజెండాల్లో కొన్ని తీర్చగలిగేవి, కొన్ని వదిలేయాల్సినవి. హరాల్డ్‌కు నౌకాబలం కావాలి: తీరం ఉంటే నాలుగైదు గాలీలు కట్టడం కష్టం కాదు. క్లియోపాత్రాకు బలమైన సైన్యం కావాలి, అది మీ రక్షణకూ పనికొస్తుంది. క్విన్ షి హువాంగ్ తన కన్నా ఎక్కువ వండర్లు కట్టేవాళ్లను సహించడు. మీ ప్రణాళిక వండర్ల మీదే ఉంటే అతనితో పొత్తు ఆశ మానేసి గోడలు కట్టుకోండి. పెడ్రోకు గ్రేట్ పీపుల్ (ఆటలో సంపాదించే మహనీయులు) విషయంలో అసూయ, బార్బరోసాకు సిటీ స్టేట్‌లతో (ఒకే నగరమున్న చిన్న రాజ్యాలతో) చనువుగా ఉండేవాళ్లంటే మంట. సైరస్ అయితే చెప్పకుండా దాడి చేసేవాళ్లను మెచ్చుకుంటాడు, శాంతికాముకులకు అతని ప్రసన్నత దక్కడం కష్టం. ట్రేజన్‌ను మెప్పించాలంటే 60వ టర్న్ లోపే అయిదారు నగరాలు వేసి ఉండాల్సింది. కింగ్ స్థాయిలో నాలుగుతో ఆగడానికి వేరే కారణమేమీ లేదు కూడా.

ప్రభుత్వాల రకమూ లెక్కలోకి వస్తుంది. ఒకే ప్రభుత్వమైతే ప్లస్, వేరైతే మైనస్. దానికోసమే ప్రభుత్వం మార్చాల్సిన పని లేదు. రెండింటిలో ఏదైనా పర్లేదనుకునే సమయంలో పొరుగువాడిది ఎంచుకోండి.

సైన్యం కూడా దౌత్యమే

కంప్యూటర్ యుద్ధానికి దిగేముందు మీ సైనిక బలం చూస్తుంది. ఇంటర్‌ఫేస్ సెట్టింగ్స్‌లో నాయకుల బొమ్మల కింద గణాంకాలు చూపించే ఆప్షన్ పెట్టుకుంటే మీ బలం, వాళ్ల బలం పక్కపక్కన ఎప్పుడూ కనిపిస్తాయి. పొరుగువాడి అంకెలో సగం కన్నా కిందికి జారితే ప్రమాదమని గుర్తుపెట్టుకోండి. ఇది నియమం కాదు, అంచనా. ముగ్గురు విలుకాళ్లు, ఇద్దరు ముందువరస సైనికులు, సరిహద్దు నగరానికి గోడ ఉంటే తొలి దశలో సరిపోతుంది. విలుకాళ్లను మెషినరీ రాగానే క్రాస్‌బౌమెన్‌గా అప్‌గ్రేడ్ చేయండి. పాత సైనికులు ఖర్చు తినడమే తప్ప అంకెను పెంచరు.

ఆ సైన్యాన్ని పొరుగువాడి సరిహద్దు పక్కన నిలబెట్టకండి. సేనలు దగ్గర్లో ఉన్నాయని అతను మాట అడుగుతాడు. వెనక్కి తీస్తామని మాటిచ్చి తీయకపోతే పడే మైనస్, అసలు మాటివ్వకపోతే పడేదానికన్నా ఎక్కువ. దగ్గర్లో నగరం వేయొద్దు, మతం మార్చొద్దు, గూఢచర్యం చేయొద్దు అన్న మాటలకూ ఇదే సూత్రం. నిలబెట్టుకోలేని మాట ఇవ్వకండి. ఇవే మాటలు మీరూ వాళ్లను అడగవచ్చన్నది చాలామంది మరిచిపోతారు. వాళ్లు తప్పితే గ్రీవెన్సులు (ఎదుటివాడి తప్పులకు లెక్కగట్టే ఫిర్యాదు పాయింట్లు) మీ ఖాతాలో చేరతాయి, తర్వాత మీరు చేసే పనులకు అవి రక్షణ కవచం.

మిమ్మల్ని ఎవరైనా డినౌన్స్ చేస్తే వెంటనే టర్న్ సంఖ్య చూసుకోండి. అప్పటినుంచి 5 టర్న్‌లు గడిస్తే అతనికి ఫార్మల్ వార్ ప్రకటించే హక్కు వస్తుంది. అంటే దూరపువాడు డినౌన్స్ చేస్తే నవ్వి ఊరుకోవచ్చు, పొరుగువాడు చేస్తే మీకు అయిదు టర్న్‌ల నోటీసు అందినట్టు. వండర్ కట్టడం పక్కనపెట్టి గోడలు మొదలుపెట్టండి. డిఫెన్సివ్ టాక్టిక్స్ సివిక్ ఉంటే లైమ్స్ పాలసీ కార్డు పెట్టండి, గోడల తయారీ రెట్టింపు వేగంతో సాగుతుంది. సర్‌ప్రైజ్ వార్‌కు (చెప్పకుండా చేసే దాడికి) మాత్రం ఈ నోటీసు ఉండదు, దానికి సైనిక బలమే మందు.

బేరాలు

ఒక లగ్జరీ వనరు నాలుగు నగరాలకు ఒక్కో అమెనిటీ (ప్రజల్ని సంతోషపెట్టే సౌకర్యం) ఇస్తుంది. అదే రకం రెండోది మీ దగ్గరున్నా మీకు ఉపయోగం సున్నా, లేనివాడికి మాత్రం బంగారం. కాబట్టి రెండో కాపీ చేతికొచ్చిన టర్న్‌లోనే అమ్మేయండి. ధర మీరు చెప్పకండి. వస్తువును బల్ల మీద పెట్టి, దీనికి ఏమిస్తావని అడిగే బటన్ నొక్కండి, వచ్చిన మాట మీద కొంచెం కొంచెం పెంచి చూడండి. అందరినీ అడిగి, ఎక్కువ ఇచ్చినవాడికి అమ్మండి. ఒకే వస్తువుకు ఒకడు చెప్పేదానికీ ఇంకొకడు చెప్పేదానికీ పొంతన ఉండదు, ముఖం ఎర్రగా ఉన్నవాడు మరీ గీచి బేరమాడతాడు.

ఒప్పందాల గడువు ఇక్కడా 30 టర్న్‌లే. రొక్కమా, టర్న్‌కింతా అన్నది వ్యక్తిని బట్టి తేల్చుకోండి. ఎప్పుడు విరుచుకుపడతాడో తెలియనివాడి దగ్గర రొక్కం తీసుకోండి. యుద్ధం వస్తే టర్న్‌కింత చొప్పున వచ్చేది ఆగిపోతుంది, మీ చేతిలో పడిన రొక్కం మీదే. మిత్రుడి దగ్గరైతే టర్న్‌కింత పర్లేదు, మొత్తం మీద ఎక్కువ గిట్టుతుంది. దీనికి ముందు ఆటైన సివ్ 5 చివరి వెర్షన్‌లో స్నేహ ప్రకటన లేనిదే రొక్కం బేరం కుదిరేది కాదు. అక్కడినుంచి వచ్చినవాళ్లు ఇక్కడా అలాగే అనుకుని అడగడమే మానేస్తుంటారు.

పక్కవాడికి ఇనుము, గుర్రాలు, నైటర్ అమ్మకండి. మీ మీదకు వచ్చే సైన్యాన్ని మీరే తయారుచేసి ఇచ్చినట్టవుతుంది. డిప్లమాటిక్ ఫేవర్‌కు (వరల్డ్ కాంగ్రెస్‌లో ఓట్లు కొనే పాయింట్లకు) మంచి ధర పలుకుతుంది. దౌత్య విజయం మీ లక్ష్యం కాకపోతే కొంత ఉంచుకుని మిగతాది అమ్ముకోవచ్చు.

కూటములు

సివిల్ సర్వీస్ సివిక్‌తో కూటములు తెరుచుకుంటాయి. ముందు స్నేహ ప్రకటన ఉండాలి. పరిశోధన, సైనిక, ఆర్థిక, సాంస్కృతిక, మత కూటములని అయిదు రకాలు, ఒక్కో రకం ఒక్కరితోనే. కాబట్టి మొదట అడిగినవాడికి మొదట తోచింది ఇచ్చేయకండి. సరిహద్దు నగరాలు ఒకదానినొకటి లాక్కునే పొరుగువాడితో సాంస్కృతిక కూటమి కట్టండి, ఇద్దరి నగరాల మధ్య లాయల్టీ (నగరానికి తన పాలకుడి మీదుండే విధేయత) ఒత్తిడి ఆగిపోతుంది. పరిశోధనలో మీతో సమానంగా ఉన్నవాడితో పరిశోధన కూటమి. సైనిక కూటమి మొదటి స్థాయిలోనే ఉమ్మడి శత్రువు మీద 5 పోరాట బలం ఇస్తుంది, యుద్ధం ఖాయమని తెలిసినప్పుడే దాన్ని వాడాలి. కూటమి కాలంతోపాటు రెండో, మూడో స్థాయికి ఎదుగుతుంది. అసలు లాభం ఆ పై స్థాయిల్లోనే కాబట్టి మధ్యలో తెగనీయకుండా కొనసాగించడం ముఖ్యం. గడువు, పునరుద్ధరణ సంగతి స్నేహ ప్రకటన లాంటిదే.

జాయింట్ వార్ కోసం మిత్రుడు పిలిస్తే తొందరపడొద్దు. లక్ష్యం దూరంగా ఉన్నా అతని మిత్రులెవరో చూడండి. వాళ్లలో మీ పొరుగువాడు ఉంటే ఒక ప్లస్ కోసం రెండు మైనస్‌లు కొన్నట్టే.

యుద్ధం తప్పనప్పుడు

చెప్పకుండా దాడి చేస్తే మీ మీద 150 గ్రీవెన్సులు పడతాయి, డినౌన్స్ చేసి అయిదు టర్న్‌లాగి ఫార్మల్ వార్ ప్రకటిస్తే 100. ఆ అయిదు టర్న్‌ల ఓపిక విలువ 50 అన్నమాట. సైన్యం నడిచేందుకు ఎలాగూ అంత సమయం పడుతుంది కాబట్టి సర్‌ప్రైజ్ వార్‌కు సాధారణంగా అర్థం లేదు. డిప్లమాటిక్ సర్వీస్ సివిక్ వచ్చాక ఇంకా చవకైన కారణాలు దొరుకుతాయి: పోయిన మీ నగరం తిరిగి తెచ్చుకోవడం, మిత్రుడి నగరాన్ని విడిపించడం, మీరు సుజరెయిన్‌గా (పెద్దదిక్కుగా) ఉన్న సిటీ స్టేట్‌ను కాపాడటం, మీ నగరాన్ని మతం మార్చినవాడి మీదకు వెళ్లడం. ప్రకటించే తెరలో ఒక్కో కారణానికి ఎన్ని గ్రీవెన్సులో రాసే ఉంటుంది, చదివి నొక్కండి. యుద్ధం నడుస్తున్నంతసేపు గ్రీవెన్సులు కరగవు, శాంతిలోనే తగ్గుతాయి. అందుకే మూడు నగరాలు పట్టాలనుకుంటే ఒకే యుద్ధంలో పట్టి ముగించడం మూడు చిన్న యుద్ధాల కన్నా నయం. నగరాన్ని తగలబెట్టడం, ఒక నాయకుడి ఆఖరి నగరాన్ని పట్టి రూపుమాపడం, ఈ రెండూ దూరాన ఉన్నవాళ్లను కూడా కదిలిస్తాయి.

నాయకులందరూ తీర్మానాల మీద ఓటేసే వరల్డ్ కాంగ్రెస్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. మధ్యయుగం నుంచి 30 టర్న్‌లకోసారి కూడుతుంది. మొదటి ఓటు ఉచితం, రెండోదానికి 10 ఫేవర్, మూడోదానికి ఇంకో 20, అలా పెరుగుతూ పోతుంది. మీరు ఎక్కువగా అమ్మే లగ్జరీని నిషేధించే తీర్మానం వస్తే తప్ప మామూలు ఆటలో రెండో ఓటు దాటనక్కర్లేదు.

ఇప్పుడున్న స్థితిలో ఏం చేయాలి

ట్రేజన్ యుద్ధం ప్రకటించాడు కాబట్టి 10 టర్న్‌లదాకా సంధికి వీల్లేదు. ఆ పదీ నిలబడటమే పని. అతని లెజియన్లు దగ్గరికి రాకముందే మేసన్రీతో గోడ, నగరంలో ఒక క్రాస్‌బౌమన్, పక్క కొండ మీద ఇంకొకడు. ఎదురుదాడి వద్దు. కంప్యూటర్ సైన్యం గోడకు కొట్టుకుని చెదిరిపోయాక పదో టర్న్ నుంచి ప్రతి టర్న్ సంధి తెర తెరిచి, ఏమిస్తావని అడగండి. ఓడిపోతున్నానని అతని లెక్కలో తేలాక గోల్డ్, లగ్జరీలు, ఒక్కోసారి నగరం కూడా బల్ల మీదకు వస్తాయి. ఈలోగా మీరేదైనా నగరం పట్టి ఉంటే అది మీకు అప్పగించినట్టు ఒప్పందంలో విడిగా చేర్చండి.

సంధి తర్వాత మరో 10 టర్న్‌లు ఇద్దరూ యుద్ధం ప్రకటించలేరు. ఆ పదింట్లో మొదటిదానిలోనే ఎంబసీ ప్రయత్నించండి, కాదంటే రోమ్‌కు ఒక వాణిజ్య మార్గం వేయండి. డినౌన్స్ చేసిన మిగతా ముగ్గురిలో సరిహద్దు తగిలేవాడు ఎవరో చూసి, అతని డినౌన్స్ గడువు ఏ టర్న్‌లో తీరుతుందో రాసిపెట్టుకోండి. ఆ టర్న్‌కల్లా మీ రెండో లగ్జరీ అతని చేతిలో, మీ సరిహద్దులు అతనికి తెరిచి ఉండాలి. ఖాళీ నేల మిగిలి ఉంటే ట్రేజన్ వైపు కాకుండా అవతలి దిక్కున రెండు నగరాలు వేయండి, అతని పద్దులో ఉన్న భూభాగం మైనస్ కూడా దాంతో తగ్గడం మొదలవుతుంది.